పలుకు మానేసిన ముఠా

అక్షరాలు నాకు నలభై దగ్గరపడ్డాక వచ్చాయి. అంతకు ముందు వేలిముద్ర. సిగ్గేమీ లేదు, పోర్టులో మా ముఠాలో సగం మంది వేలిముద్రగాళ్లే. మోకు పట్టి లాగేవాడికి అక్షరాలతో పనేముంది?

మా పని ఏమిటో ముందు చెప్పాలి. ఓడలోంచి దింపిన పెద్ద పెద్ద మిషన్ల పెట్టెల్ని క్రేను షెడ్డు గుమ్మం దాకా తెచ్చి వదిలేసేది. లోపలికి అది రాలేదు. అక్కడి నుంచి మా వంతు. పెట్టె కింద గుండ్రటి దుంగలు వేసి, ముందు మోకు కట్టి, పదిమందిమి లాగేవాళ్లం. పదిమంది బలమూ ఒకేసారి పడాలి. అందుకని ఒకడు పలుకు ఎత్తుతాడు, మిగతావాళ్లు "ఐలెస్సా" అంటారు. ఆ ఐలెస్సా మీదే లాగుడు. ఆలస్యంగా అన్నవాడు ఆలస్యంగా లాగినట్టే.

పలుకు ఎత్తేవాడు మా బావ. చుట్టం కాదు. పక్కపక్క ఊళ్ల నుంచి వచ్చి ఒకే ఏడాది పోర్టులో చేరాం, బావా అంటే బావా అనుకున్నాం. గుడిసెలు కూడా పక్కపక్కనే. వాళ్లింట్లో చేపల పులుసు కాస్తే గిన్నె మా ఇంటికి వచ్చేది, మా ఇంట్లో కాస్తే వాళ్లింటికి పోయేది. వాడు పలుకుల్ని అప్పటికప్పుడు కట్టేవాడు. మేస్త్రీ బొజ్జ మీద, గుమస్తా గొడుగు మీద, నా బట్టతల మీద. ఎవరి మీద కట్టాడో వాడు కూడా ఐలెస్సా అనాల్సిందే. మోకు చేతిలో ఉండగా అన్న మాటకు కోపం తెచ్చుకోకూడదని మాలో ఒక కట్టుబాటు. బయట అంటే తల పగిలే మాట మోకు మీద అంటే చెల్లిపోయేది. ఒకసారి మేస్త్రీ పెళ్లాం మీదే కట్టాడు. మేస్త్రీ పళ్లు నూరాడు గానీ ఏమీ అనలేదు.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. రేడియోలో చెప్పినదాంట్లో మాకు అర్థమైంది తక్కువ. యూనియన్ ఆఫీసుకు తాళం పడిందని అర్థమైంది. యూనియన్ పెద్దాయన్ని తీసుకెళ్లారు, ఎక్కడ పెట్టారో ఆయన ఇంట్లోవాళ్లకే తెలియదని అర్థమైంది. టీకొట్టు దగ్గర రోజూ పేపరు పైకి చదివి వినిపించే ముసలాయన మనసులోనే చదువుకోవడం మొదలుపెట్టాడు. అది అన్నిటికంటే బాగా అర్థమైంది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, పెట్టె గుమ్మంలో ఇరుక్కుంది. బావ గొంతెత్తాడు.

"కుర్సీ ఎక్కిందీ!"

"ఐలెస్సా!"

"దిగనంటాదీ!"

"ఐలెస్సా!"

"దిగమన్నోడినీ!"

"ఐలెస్సా!"

"జైల్లో ఎట్టిందీ!"

ఢిల్లీలో ఉన్నావిడ మీద కట్టాడని అందరికీ తెలుసు. అందరం నవ్వాం. పెట్టె కదిలింది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ఇద్దరు పోలీసులు నిలబడి వాణ్ణి పక్కకు పిలిచారు. జీపులో ఎక్కించుకుపోయారు. యూనియన్ పెద్దాయన లాగే ఇక రాడనుకున్నాం. వాడి పెళ్లాం గేటు దగ్గరే కూలబడిపోయింది. తీరా చూస్తే పొద్దుగూకే వేళకు నడుచుకుంటూ వచ్చేశాడు. ఒంటి మీద దెబ్బ లేదు.

"ఏటి సేసినార్రా?" అని అడిగాం.

"ఏటీ నేదు."

"ఏటడిగినారు?"

"ఏటీ అడగనేదు."

అంతే. గుడిసెలోకి పోయాడు.

ఆ రోజు నుంచి ముఠాలో రెండు ప్రశ్నలు తిరిగాయి. మోకు మీద అన్న మాటను గేటు దాటించింది ఎవరు? వీణ్ణి ఊరికే ఎందుకు వదిలేశారు? మొదటి ప్రశ్న నా వైపు తిరిగింది. ఎందుకంటే అప్పటికి కొన్నాళ్లుగా నేను సాయంత్రాలు చర్చి వరండాకి పోతున్నాను. అక్కడ ఒక పంతులమ్మ పెద్దవాళ్లకు అక్షరాలు చెప్పేది. ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెట్టి, దేని మీద పెట్టానో తెలియకుండా ఇంటికి రావడం నాకు విసుగెత్తింది. కారణం అంతకంటే లేదు.

"ఈ వయసులో అచ్చరాలేటిరా నీకు? కలెట్రవుతావేటి?" అన్నాడు ఒకడు.

"కలెట్రు గాదెహె, పోలీసోళ్లకి రాసీడానికి," అన్నాడు ఇంకొకడు.

మిగతావాళ్లంతా నవ్వారు. బావ నవ్వలేదు. నా కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు మోకు మా చేతుల్లో లేదు, నాకు కోపం తెచ్చుకునే హక్కుంది. కానీ తెచ్చుకుంటే నిజమనుకుంటారని ఊరుకున్నాను. ఊరుకుంటే కూడా నిజమే అనుకున్నారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నేను బావనే అనుమానించాను. ఏమీ చేయనివాణ్ణి ఎందుకు తీసుకెళ్తారు? తీసుకెళ్లినవాణ్ణి ఏమీ పుచ్చుకోకుండా ఎందుకు వదులుతారు? ఏదో ఒప్పుకునే వచ్చాడు, ఇక మా మాటలు మోస్తాడు అనుకున్నాను.

బావ పలుకులు మానేశాడు. ఉత్త ఐలెస్సాలే. మేస్త్రీ "ఒకటి, రెండు, మూడు" అని లెక్క చెప్పేవాడు. లెక్క మీద ఎవడు లాగుతాడు? మోకు ఒకవైపు బిగిసేది, ఒకవైపు వేలాడేది. ఒకసారి దుంగ జారి ఒకడి కాలి గోరు ఊడింది. పెట్టెలు కదలక కాదు, మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేక అలిసిపోయేవాళ్లం. ఇంట్లో కూడా అంతే.

"మన గిన్నె ఆళ్లింట్లోనే ఉండిపోనాది. అడగమంటావా?" అంది నా పెళ్లాం.

"అడక్కు," అన్నాను.

వరండాకి పోవడం మాత్రం మానలేదు. మానితే తప్పు చేసి మానాడంటారు. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి వాక్యం పోర్టు గోడ మీద ఉంది. మాటలు తగ్గించండి, పని పెంచండి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పూర్తి చేసేసరికి చెమట పట్టింది. ఇంత కష్టపడింది నోరు మూసుకోమని చదువుకోడానికా అనిపించింది. పంతులమ్మతో అదే మాట అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, "ఇంకోటి చదువుదాం బాబూ," అంది.

ఎన్నికలు వచ్చాయి. దేశంలో చాలా చోట్ల ఆ ప్రభుత్వాన్ని ఓడించారు, మన రాష్ట్రంలో గెలిపించారు. ముఠాలో ఎవణ్ణి అడిగినా "నాను మార్పుకే ఏసినాను," అనేవాడు. అందరూ మార్పుకే వేస్తే గెలిచింది ఎవరి ఓట్లతో? నేను అడగలేదు. వాళ్లూ నన్ను అడగలేదు. భయం పోయిందన్నారు గానీ బావ పలుకు ఎత్తలేదు. తర్వాత నన్ను వేరే ముఠాలో వేశారు, వాడు గుడిసె ఖాళీ చేసి పోయాడు.

మళ్లీ వాడి దగ్గర నుంచి కబురు వచ్చింది కొన్నేళ్ల తర్వాత. పెందుర్తిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. రుబ్బురోలు లోపలికి ఎక్కించాలి, మనుషులు లేరు, రమ్మన్నాడు. ఇన్నేళ్లకు పిలుపు, అదీ రోలు కోసం. అప్పటికి ఢిల్లీలో మళ్లీ ఆవిడే కుర్చీలో ఉంది, రాష్ట్రంలో మేం ఓట్లేసి గెలిపించిన ముఖ్యమంత్రిని గవర్నరు చేత దింపించేశారు. ఊళ్లన్నీ బందులు. బస్సుల్లేక సైకిల్ మీద వెళ్లాను.

మెట్ల మీద చెక్క పలక వేసి, రోలుకు మోకు కట్టారు. వెనక నుంచి వాడి అల్లుడు తోస్తాడు, ముందు మేమిద్దరం లాగుతాం. నేను చేతులకు మట్టి రాసుకుంటున్నాను. బావ ఒక్కసారిగా గొంతెత్తాడు.

"కుర్సీ ఎక్కిందీ!"

అవే పలుకులు. వీధంతా వినబడేలా. రోడ్డుకు అవతల ఒకతను స్కూటరు ఆపి సిగరెట్టు ముట్టించుకుంటున్నాడు. నా కళ్లు ముందు అటు వెళ్లాయి. ఐలెస్సా తర్వాత వచ్చింది. రోలు వెనక్కి జారింది.

"మాఁవా! నా కాళ్లు!" అని అల్లుడు ఎగిరి దూకాడు.

బావ మోకు వదిలేసి మెట్టు మీద కూర్చుని నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"ఇంకా బయమేనేటి బావా?"

"ఆడెవడో సూత్తన్నాడు."

"సూడనీ. ఇన్నాళ్లూ నువ్వే అనుకున్నాను. అచ్చరాలు నేర్సినోడివి నువ్వొక్కడివే గదా. ఇప్పుడు తెలిసినాది, నువ్వు గాదు. మాట మోసీవోడికి బయమెందుకుంటాది? ఆడు అందరికన్నా గట్టిగా అంటాడు ఐలెస్సా."

గుండె మీంచి బరువు దిగింది. దిగీ దిగకముందే ఇంకోటి వచ్చి కూర్చుంది. నేను భయపడ్డాను కాబట్టి నేను కాదు. మరి భయం లేకుండా వీధిలో గొంతెత్తినవాడో?

"ఆ రోజు నిన్నెందుకొగ్గీసినారు బావా?" అని అడిగేశాను.

వాడి నవ్వు ఆగింది.

"అప్పుడూ తెల్దు, ఇప్పుడూ తెల్దు. పొద్దున్నించి సందేల దాకా బల్ల మీద కూకోబెట్టి పొమ్మన్నారు. రెండు దెబ్బలేసినా బాగుండును. మీరు నమ్ముదురు."

వాడి మొహంలోకి చూశాను. అబద్ధం కనబడలేదు. నిజం కనబడిందని కూడా చెప్పలేను.

"లే," అన్నాను. "రోలెక్కిద్దాం."

మళ్లీ మోకు పట్టాం. వాడు పలుకు ఎత్తాడు, నేను ఐలెస్సా అన్నాను, ఈసారి వేళకే అన్నాను. రోలు గడప దాటింది. వెనక్కి తిరిగి చూశాను. సిగరెట్టు అయిపోయినట్టుంది. స్కూటరతను ఇంకా అక్కడే ఉన్నాడు.