ఐదు పాయింట్ల తెలుగు

మా అక్క కూతురి ల్యాప్‌టాప్‌లోంచి ఆ గొంతు వినపడగానే నేను కొరుకుతున్న మక్క కంకిని పళ్లెంలో పెట్టేశాను. జనగామలో మా ఇంటి ముందరి గది, ఆదివారం పొద్దున. ఆమె మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. వారానికోసారి రైల్లో జనగామ వచ్చి, వాళ్లమ్మ చేతి అన్నం తిని, ఆన్‌లైన్ క్లాసు వినడానికి మాత్రం మా ఇంటికి వస్తుంది. మా ఇంట్లో వైఫై ఉంది, మాట్లాడేవాళ్లు తక్కువ.

తెర మీది మనిషికి జుట్టు పలచబడింది, మెడ కింద చర్మం వదులైంది. గొంతు మాత్రం అదే.

"దవాఖాన ఏంటమ్మా? మనం రాస్తున్నది తెలుగు పరీక్షా, ఉర్దూ పరీక్షా?" అన్నాడు.

క్లాసులో ఉన్నవాళ్లు నవ్వారు. మా పిల్ల కూడా నవ్వింది. కోపం తెచ్చుకునే వీలు లేనప్పుడు నవ్వే నవ్వు అది. నేను దాన్ని చాలా ఏళ్లు నవ్వాను.

"ఎవరు బిడ్డా ఆయన?" అని తెలిసే అడిగాను.

"మా సారు మామా. ఇదివరకు పేపర్ల పనిజేసిండట."

చేశాడు. నా వార్తల మీదే చేశాడు.

ముందు ఆ పరీక్ష సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియా పోవాలనుకునే నిపుణులను ఆ ప్రభుత్వం పాయింట్లతో తూస్తుంది. వయసుకు కొన్ని, చదువుకు కొన్ని, ఉద్యోగ అనుభవానికి కొన్ని, ఇంగ్లిష్‌కు కొన్ని. పాయింట్లు ఎక్కువున్నవాళ్లకు ముందు ఆహ్వానం వస్తుంది, ఆహ్వానం వస్తేనే వీసాకు దరఖాస్తు. మా పిల్ల ఇంగ్లిష్ పరీక్ష మూడుసార్లు రాసి, మూడోసారి పైమెట్టు అందుకుంది. ల్యాబు నుంచి అనుభవ పత్రం తెచ్చుకుంది. ఇక కలిపే వీలున్నది ఒక్కటే, మాతృభాష. ఇంగ్లిష్ డాక్టరుకూ తెలుగు రోగికీ మధ్య, ఇంగ్లిష్ పోలీసుకూ తెలుగు తల్లికీ మధ్య కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు నోటితో చెప్పగలిగితే ఐదు పాయింట్లు ఇస్తారు.

ఫిబ్రవరిలో ఆమెకు ముప్పై మూడు నిండుతాయి. నిండిన రోజున వయసు కింద ఐదు పాయింట్లు పోతాయి. ఆలోపే తెలుగు ఐదూ చేతికొస్తే కొన్ని వారాలపాటు ఆహ్వానం అందే ఎత్తులో ఉంటుంది. రాకపోతే ఉన్నచోటు నుంచి కిందికే.

"పుట్టిన దినం గూడ నా మీద పగవట్టింది మామా," అనేది.

పగ గురించి నాకు చెప్పనక్కర్లేదు. భూపాలపల్లిలో నేను విలేకరిగా ఉన్న రోజుల్లో వార్తలు ఫోనులో చెప్పేవాళ్లం. సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఒక్కో వాక్యం నేను చెబితే, అవతల డెస్కులో ఉపసంపాదకుడు రాసుకునేవాడు. ఆ ఉపసంపాదకుడు ఇతనే. కోస్తా నుంచి వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు. నేను "గిట్ల" అంటే "ఎట్ల గిట్ల?" అనేవాడు. "ఏంది" అంటే "ఏమిటి" అని నాతో మళ్లీ చెప్పించేవాడు. పని నేర్చుకునే వయసు కదా అని పడ్డాను.

ఒకరోజు గనిలో పైకప్పు కూలి ఒక కార్మికుడు చనిపోయాడు. రేగొండ వైపు మనిషి. అతని భార్యతో మాట్లాడి, బూత్‌కు పరుగెత్తి, ఆమె మాట ఉన్నదున్నట్టు చెప్పాను: "పొద్దుగాల సద్దిగట్టి తోలిచ్చిన. పొద్దుమీకి బట్టగప్పి తెచ్చిండ్రు. మొఖమన్న సూడనియ్యలె." అవతల ఫోను స్పీకరు మీద పెట్టాడని నవ్వులు వినపడ్డాక తెలిసింది. ఆమె మాటను సినిమాల్లో నౌకరు వేషాలు మాట్లాడే తీరులో సాగదీసి అన్నాడు. డెస్కంతా నవ్వింది. మర్నాడు పేపర్లో "విధి చిన్నచూపు చూసిందంటూ ఆమె కన్నీరుమున్నీరైంది" అని వచ్చింది. మొఖం చూడనివ్వలేదన్న మాట లేదు. ఆ వార్తలో అసలు వార్త అదొక్కటే.

వారం తర్వాత ఆమె ఆ కాగితం ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఎవరితోనో చదివించుకుందట.

"నేనిట్ల అన్ననా అన్నా?"

"ఆఫీసుల జర మారుస్తరమ్మా," అన్నాను.

ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుని పోయింది. ఆ జవాబు చెప్పినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. చెప్పాల్సి వచ్చినందుకు అతన్ని తిట్టుకున్నాను. నన్ను తిట్టుకోవడం కొన్నాళ్లకు ఆగింది.

క్లాసు అయిపోయాక మా పిల్లతో అన్నాను, "గా క్లాసు బంద్ జెయ్ బిడ్డా. నేను నేర్పిస్త."

"నీకు గా పరీక్ష తెలుసా మామా?"

"తెల్వది."

"మరి?"

"వాడు తెలుసు."

ఆమె పగలబడి నవ్వింది. "వాడు తెలిస్తే పాయింట్లియ్యరు మామా. నీ పగ నీది, నా పుట్టినరోజు నాది. ఆయన తాన పాసైనోళ్లు మస్తుమంది ఉన్నరు. జర ఊకో."

ఊరుకున్నాను. ఊరుకున్నానంటే పైకి. ఆదివారం ఆదివారం పక్క గదిలో పేపరు చాటున కూర్చుని అతను చెప్పేదంతా వినేవాణ్ని. ఎప్పుడు తప్పు చెబుతాడా అని కాచుకునేవాణ్ని. ఈమె ఫెయిలైతే అతని పేరు చెడుతుంది కదా అని కూడా ఒకసారి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాను. కానీ అనిపించింది.

ఫెయిలవుతూనే ఉంది కూడా. అతను పెట్టే నమూనా పరీక్షల్లో ప్రతిసారీ పాసుకు కొన్ని మార్కులు తక్కువ. ప్రతిసారీ అతని సలహా ఒకటే, యాస తగ్గించమ్మా అని. దవాఖాన, పరేషాన్, జర, తారీఖు అంటూ మానుకోవాల్సిన మాటల పట్టీ పంపాడు. ఆమె దాన్ని ల్యాబులో మైక్రోస్కోపు పక్కన అంటించుకుని, ఒక్కో మాటా మానేసింది. అసలు పరీక్ష మూడు వారాలుందనగా ఆదివారం వచ్చి, నమూనా పరీక్షల రికార్డింగులున్న ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది.

"ఆయన జెప్పిన మాటలన్ని బంద్ జేసిన. అయినా మార్కులు పెరుగుతలేవు. ఇగ నువ్వే విను మామా."

నా పని నేను మొదలుపెట్టాను. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ పక్క ఇంగ్లిష్ మనిషి ఏమన్నాడో, కుడి పక్క ఈమె ఏమందో రాసుకుంటూ పోయాను. పత్రికాఫీసుల్లో విలేకరి పంపిన వార్తను కలెక్టరాఫీసు ప్రకటనతో సరిచూసే పద్ధతి అది. ఒక సంభాషణలో డాక్టరు ముసలి రైతుతో అంటున్నాడు: మీకు క్యాన్సర్ ఉంది, కాలేయానికి పాకింది, వైద్యం చేసినా నయం కాకపోవచ్చు, బహుశా కొన్ని నెలలే బతుకుతారు. ఈమె తెలుగులో చెప్పింది: "బాపూ, కొంచెం ఇబ్బంది ఉంది. కాలేయం దాకా వచ్చింది. వైద్యం తొందరగా మొదలుపెడదాం."

ఇంకోదాంట్లో పోలీసు ఒక తల్లితో మీ అబ్బాయిని అరెస్టు చేశామంటాడు. ఈమె "మీ అబ్బాయిని స్టేషన్‌కు పిలిపించారు" అంది. ఇంటి యజమాని రెండు వారాల్లో ఖాళీ చేయకపోతే కోర్టుకు పోతానంటే, "మీరు ఖాళీ చేస్తే బాగుంటుందంటున్నారు" అంది.

పెన్ను కింద పెట్టాను.

"క్యాన్సరన్న మాట యాడ వోయింది బిడ్డా?"

"చెప్పిన గద, ఇబ్బంది ఉందని."

"ఇబ్బందంటే క్యాన్సరా?"

"ముసలాయనకు మొఖం మీద గట్లెట్ల చెప్తరు మామా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది.

నాకు అర్థమైంది. మరిపెడ నుంచీ తండాల నుంచీ వచ్చేవాళ్లు రిపోర్టు చేతికి రాగానే డాక్టరు కంటే ముందు ఈమెనే అడుగుతారు, ఏమొచ్చింది బిడ్డా అని. ఈమె తొమ్మిదేళ్లుగా ఒకటే జవాబు చెబుతోంది, ఏం గాదు, సారు చెప్తడు అని. మన దగ్గర పెద్ద రోగం పేరు రోగికి చెప్పరు. అల్లుణ్నో బావమరిదినో బయట టీకొట్టు దగ్గరికి తీసుకుపోయి చెబుతారు. రికార్డింగులోని రైతు పక్కన అల్లుడు లేడు. అందుకని ఈమె ఆ మాటను ఎవరికీ చెప్పకుండా మింగేసింది. పరీక్షలో మింగిన ప్రతి మాటకూ మార్కులు పోతాయి.

అతను ఈ రికార్డింగులన్నీ విన్నాడు. విని, దవాఖానలు ఏరాడు.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం మంచి సంతోషం కాదు. దొరికాడు అనుకున్నాను.

మూడు వారాలు నేనే నేర్పాను. ఆమె డ్యూటీ దిగి గదికి రాగానే ఫోను చేసేది. ఇంగ్లిష్ పేపర్లోంచి, పాత ప్రకటనల్లోంచి కటువైన వాక్యాలు ఏరి చదివేవాణ్ని. చావులు, అరెస్టులు, జప్తులు. మెత్తగా తిప్పిందంటే అదే వాక్యం మళ్లీ, మళ్లీ. మొదటి వారం కటువైన మాట దగ్గరికి రాగానే ఆగి, వేరే మాట వెతికేది. ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని "మీకు క్యాన్సర్ ఉంది, కొన్ని నెలలే బతుకుతారు" అని పదోసారి అంటుండగా మా అక్క లోపలికి వచ్చింది.

"ఏందిర తమ్మీ, దీపం బెట్టే యాళ్లకు ఇంట్ల గా పాడుమాటలు? ఎవలికొచ్చింది?"

"ఎవలికి రాలేదమ్మా. ఐదు పాయింట్లకు," అంది మా పిల్ల.

"పాయింట్లకు అగ్గి తగల! మంచి మాటలకియ్యరా పాయింట్లు?"

పరీక్ష రోజున ఆమె మహబూబాబాద్‌లోని గదిలో తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. అయిపోగానే ఫోను చేసింది. ఒక సంభాషణలో బిడ్డ కడుపులోనే చనిపోయిందని తల్లికి చెప్పాల్సి వచ్చిందట.

"చెప్పినవా?"

"చెప్పిన మామా. మొత్తం చెప్పిన."

"దవాఖాన అన్నవా, ఆసుపత్రి అన్నవా?"

"యాదికి లేదు. గవన్ని సూసుకునే తీరిక యాడుంది?"

జనవరిలో ఫలితం వచ్చింది. పాసైంది. అతని దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. పాసైనవాళ్లు సారుకు కృతజ్ఞతలు చెబుతూ వీడియో పంపాలి. అడగడానికి తనే ఫోను చేశాడు. ఆమె మా ఇంట్లోనే ఉంది, స్పీకరు పెట్టింది.

"కంగ్రాట్స్ అమ్మా! చూశావా, యాస వదిలించుకుంటే ఎలా వచ్చేసిందో. రెండు మాటలు వీడియో తీసి పంపేసెయ్."

నేను అప్పటికే రెండు మాటలు రాసి ఉంచాను. కాగితం ఆమె ముందుకు జరిపాను. ఆమె చూడలేదు.

"పంపను సార్. మీ క్లాసు వల్ల పాస్ గాలే నేను. ఎక్కడ మాటలు వదిలేస్తున్ననో మీరు ఒక్కసారి గూడ చెప్పలే. నా మాట మీద నవ్విండ్రు. నాతోని అందర్నీ నవ్విచ్చిండ్రు. అంతే సార్."

కోపం లేదు, తడబాటు లేదు. రిపోర్టు చదివినట్టు చదివింది. నేను రాసినదాంట్లో విశేషణాలు చాలా ఉన్నాయి.

"మరి ఎవరు చెప్పారట?" అన్నాడు.

ఫోను నేను తీసుకున్నాను. నేనెవరినో, ఎప్పుడు ఎక్కడ పనిచేశానో చెప్పాను.

"ఓహో, మీరా! మన గిట్ల గారు!" అని నవ్వాడు. పాత స్నేహితుడు దొరికినంత ఆనందంగా నవ్వాడు. గని ప్రమాదం గుర్తుచేశాను. ఆ కార్మికుడి భార్య అన్న మాట చెప్పాను.

"ఏ వార్తండీ? రోజుకు ఎన్ని వచ్చేవి!"

నాకు పెట్టిన పేరు గుర్తుంది, ఆమె మాట గుర్తు లేదు. అప్పుడు నేనొక మాట అన్నాను. అది ఇక్కడ రాయను, మా అక్క ఇవన్నీ చదివించుకుంటుంది. అతను ఫోను పెట్టేశాడు.

పుట్టినరోజుకు తొమ్మిది రోజుల ముందు ఆహ్వానం వచ్చింది. మా పిల్ల ఆ సంగతి క్లాసు గ్రూపులో ఒక్క ముక్క రాసింది. మర్నాటికల్లా అతని ఫేస్‌బుక్ ప్రకటనలో ఆమె ఫొటో ఉంది, క్లాసు తెర మీంచి తీసింది. కింద "మా విద్యార్థిని" అని ఉంది.

నేను దాని కింద రాశాను: "ఈమెకు నేర్పింది ఈయన కాదు. ఈయన ఈమె మాట మీద నవ్వారు." చెరిపేశాడు. మళ్లీ రాశాను. రోజూ పొద్దున టీ తాగుతూ, వాక్యం కొద్దిగా మార్చి రాసేవాణ్ని. నాలుగో రోజున ఎవరో మరిపెడ అమ్మాయి దాని కింద రాసింది, "నన్ను జూసి గూడ నవ్విండు" అని. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చెరపడానికి అతనికి చేతులు చాలలేదు. ఆరో రోజున ఫొటో తీసేశాడు. ఆ పూట నేను రెండు టీలు తాగాను.

"అయిపాయె గద మామా, ఇగ సాలియ్యి," అంది మా పిల్ల చెప్పులు వేసుకుంటూ. దరఖాస్తుకు గడువు నడుస్తోంది. కేసులేమీ లేవన్న పోలీసు క్లియరెన్స్ కోసం ఠాణాకు పోవాలి, నన్ను తోడు రమ్మంది.

"ఫొటో తీసిండు గని ప్రకటన ఉన్నది గద."

"అండ్ల నేను లేను గద."

"నేనున్న," అన్నాను.

ఆమె నా చేతిలోంచి ఫోను లాక్కుని తన బ్యాగులో వేసుకుంది. ఠాణాలో రెండు గంటలు కూర్చున్నాం. ఎన్నిసార్లడిగినా ఫోను ఇవ్వలేదు.