ఎడమకి పొమ్మన్న ఓండ్రెయ్

ఓండ్రెయ్‌ని దారి అడిగి అనుకున్న చోటికి చేరినవాడు ఈ ఏడాది సెర్బియాలోని మా బనాత్ నేల మీద లేడు. ఏ ఊరికి దారి అడిగినా ఎడమకే చూపిస్తాడు. వర్షాత్స్ పట్నమా, ఎడమకి. రుమేనియా సరిహద్దా, ఎడమకి. మందుల షాపా, అదీ ఎడమకే. ఒకసారి బాకాలూ డప్పులతో వచ్చిన మగపెళ్ళివారు పెళ్ళికూతురి ఊరెటు అని అడిగితే వాళ్ళనీ ఎడమకే పంపాడు. ఆ ఎడమ దారి ఏడు కిలోమీటర్లు సాగి, సెల్కా అనే చోట ఒక పాత రైలు స్టేషను ముందు చచ్చిపోతుంది. అవతల మొక్కజొన్న చేలు, ఆకాశం. వెళ్ళినవాడు వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. వచ్చి మా కూడలిలో ఆగి ఓండ్రెయ్‌ని తిట్టాలి. అది ఆచారం.

ఆ తగువుల్లో ఒకటి నా కళ్ళారా చూశాను. లారీనిండా తేనెపెట్టెలు వేసుకుని ఒక సెర్బు వచ్చాడు. పొద్దున్న ఎడమకి వెళ్ళినవాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. అతని కన్నా ముందు అతని తేనెటీగలు దిగాయి, అవీ కోపంగానే ఉన్నాయి.

"ముసలాడా, అక్కడ రోడ్డే లేదు."

"వెళ్ళేదాకా ఉందిగా నాయనా," అన్నాడు ఓండ్రెయ్, చేతిలో చీపురు కడుతూనే.

"పొలంలోకి పోయి ఆగింది."

"ఎవరూ కనబడలేదా?"

"ఒక ముసలమ్మ కనబడింది."

"ఏం పెట్టింది? ప్లమ్ పాకమా, చెర్రీ పాకమా?"

"నీకెందుకయ్యా అది?"

"చెప్పు, చెప్పు."

"చెర్రీ," అన్నాడు అతను, తిట్టబోయిన తిట్టు నోట్లోనే ఉండిపోయి.

"కూర్చుని పెట్టిందా, నిలబడి పెట్టిందా?"

"నిలబడే పెట్టింది. రెండో చెంచా కూడా పెట్టింది."

"పొయ్యి మండుతోందా?"

"మండుతోంది."

ఓండ్రెయ్ అప్పుడు తలెత్తాడు. "రెండు చెంచాల చెర్రీ పాకం తిని, వెచ్చగా పొయ్యి దగ్గర కూర్చుని, ఇక్కడికొచ్చి నన్ను తిట్టడానికి నీకు నోరెలా వచ్చింది నాయనా?"

అతను ఎందుకో తనకే తెలియకుండా టోపీ తీసి క్షమాపణ చెప్పాడు. పోతూ పోతూ ఒక సీసా తేనె బల్ల మీద పెట్టి మరీ పోయాడు. సిగ్గులేనివాడితో దేవుడు కూడా వాదించి గెలవలేడని ఆ రోజు నాకు తెలిసింది.

ఓండ్రెయ్ స్లొవాక్. పుట్టుక నుంచీ చీపుర్లు కడతాడు. ఇంటి ముందు మల్బరీ చెట్టు, చెట్టు కింద బల్ల, బల్ల మీద జొన్న ఈనెల మోపు, పక్కన అతను. మాది నాలుగు జాతులు, నాలుగు చర్చిలు, రెండు క్రిస్మసులు, ఒక్క పోస్టాఫీసు ఉన్న ఊరు. సెర్బు వస్తే సెర్బులో, హంగేరియన్ వస్తే మా మాటలో, రుమేనియన్ వస్తే వాళ్ళ మాటలో, స్లొవాక్ వస్తే వేదాంతం జోడించి మరీ ఎడమకి పంపేవాడు. భాషలు నాలుగు, అబద్ధం ఒకటి. చెయ్యి చాచి కాదు, కడుతున్న చీపురు చాచి చూపించేవాడు. ఊడ్చి అవతల పారేసినట్టుండేది.

కూడలిలో ఊళ్ళ పేర్ల బోర్డు లేకపోలేదు. దాని మొదట్లో చిక్కుడు పాదు పెట్టాడు. వేసవి సగానికి ఊళ్ళన్నీ ఆకుల్లో మునిగిపోయాయి. పంచాయతీ మనిషి కత్తి పట్టుకుని వస్తే, పూతమీదున్న పాదుని నరికేవాణ్ణి తల్లి కన్నదా అని అడిగాడు. పూత అయ్యాక వస్తే, పిందె మీదుంది అన్నాడు. మూడోసారి అతను సంచీ తెచ్చుకుని చిక్కుడుకాయలు కోసుకుపోయాడు. బోర్డు అలాగే ఉంది.

ఫోనులో దారి చూసుకునేవాళ్ళనీ వదల్లేదు. మోటారు సైకిలు మీద వచ్చిన ఒక జంట, ఫోను తిన్నగా పొమ్మంటోంది తాతా అన్నారు. ఆ ఫోను ఎప్పుడైనా ఇటు వచ్చిందా అని అడిగాడు ఓండ్రెయ్. రాలేదన్నారు. నేను డెబ్బై మూడేళ్ళుగా ఇక్కడే ఉన్నాను అన్నాడు. వాళ్ళు ఫోను జేబులో పెట్టుకుని ఎడమకి తిరిగారు. సాయంత్రం వచ్చి తిట్టారనుకోండి. ఇద్దరి మూతులకీ ప్లమ్ పాకం.

ఇంతా చేసి, వేరే విషయంలో ఆ మనిషిని వేలెత్తి చూపలేం. గడ్డివాములో సూది దొరికినా ఎవరిదని ఊరంతా తిరిగి అడిగే రకం. కట్టు వదులుగా వచ్చిన చీపురుని విప్పి మళ్ళీ మొదటినుంచి కట్టేవాడు. ఒక్క దారి దగ్గరే ఆ నాలుక ఎందుకలా వంకర పోతుందో ఎవరికీ అంతుపట్టలేదు. నేనైతే తిన్నగా మొహం మీదే అడిగేదాన్ని. అతను మా ఆయన స్నేహితుడు, నాకు మరిది వరస. నేను చదివింది మూడో తరగతే గానీ పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. పాపాలు చెప్పుకునే రోజున నా వంతు వస్తే మా ఫాదరు ముందే కునుకు తీస్తాడు, నేను చెప్పేవన్నీ ఇరుగుపొరుగు పాపాలే గనక. "ఓండ్రెయ్, నీకు నరకానికి కూడా దారి దొరకదు, ఎడమకి పోయి తిరుగుతూనే ఉంటావు," అనేదాన్ని. అతను నవ్వి ఈనెలు చీల్చుకునేవాడు.

నవంబరులో వాన పట్టుకుంది. మా నల్లరేగడి బురద బండి చక్రాన్ని పట్టుకుంటే పెళ్ళాం పట్టుకున్నట్టే, వదలదు. మూడు రోజులు కూడలికి ఒక్క బండి రాలేదు. ఓండ్రెయ్ మాత్రం నెత్తిన గోనె కప్పుకుని బల్ల మీదే కూర్చున్నాడు. చీపురు కట్టలేదు, రోడ్డు చివరికి చూస్తూ ఉండిపోయాడు. మోసగించడానికి మనిషి దొరక్క బెంగ పెట్టుకున్నాడని నేను ఊరంతా చెప్పాను.

నాలుగో రోజు పొద్దున్నే విత్తనాలమ్మే వ్యాను ఒకటి వచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే ఓండ్రెయ్ పొగాకు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళి ఉన్నాడు. వర్షాత్స్‌కి ఎటు అని డ్రైవరు నన్నడిగాడు. తిన్నగా పో, పిండి మిల్లు దాటాక కుడికి తిరుగు అన్నాను. అతను దండం పెట్టి పోయాడు. ఒక మనిషినైనా ఈ పాపాత్ముడి బారినుంచి కాపాడానని నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను.

ఓండ్రెయ్ బయటికి వచ్చి వ్యాను వెనక భాగం చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. నలభై ఏళ్ళలో నన్ను ఒక్క మాట అనని మనిషి ఆ రోజు అన్నాడు.

"ఏం చేశావు వదినా. ఇవాళ నాలుగో రోజు."

"దేనికి నాలుగో రోజు?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. సెల్కా స్టేషనులో సావేతా ఉంటుంది, రుమేనియన్ మనిషి, రైలు గేటు కాసిన మనిషి. పట్టాలు పీకేశారు, చుట్టూ ఇళ్ళు ఖాళీ అయ్యాయి, ఆమె కదల్లేదు. దారినపోయేవాళ్ళకి మంచినీళ్ళు ఎవరిస్తారు అంటుంది. పోయిన శీతాకాలం వంటింట్లో జారిపడి పొద్దుట్నించి చీకటిపడేదాకా లేవలేకపోయింది. చీపురు ఇవ్వడానికి వెళ్ళిన ఓండ్రెయ్ చూసి లేపాడు. ఇంకోసారి పడితే పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమానికి తీసుకుపోతామని పంచాయతీ నుంచి వచ్చి చెప్పి వెళ్ళారు. అక్కడికి వెళ్తే ఆమె వారం బతకదు.

"మరి రోజూ నువ్వే వెళ్ళి చూసిరావచ్చుగా," అన్నాను.

"వెళ్ళాను వదినా, ఆమెని లేపిన రెండో రోజే. బతికున్నానో చచ్చానో చూడ్డానికొచ్చావా అని జెండా కర్ర పుచ్చుకుని గేటుదాకా తరిమింది. జాలిపడి వచ్చినవాణ్ణి గడప తొక్కనివ్వదు. దారి తప్పినవాడైతే చాలు, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది."

అప్పటికి గాని నా మట్టిబుర్రకి వెలగలేదు. వాళ్ళు తిరిగొచ్చి తిట్టిన తిట్లన్నీ ఇతనికి సావేతా ఇంటి కబుర్లు. నిలబడి పెట్టిందా, కూర్చుని పెట్టిందా, పొయ్యి మండుతోందా. నేనేమో తిండిపోతు ప్రశ్నలనుకుని ఏడాదంతా నవ్వాను.

సైకిలు తీశాను. ఏడు కిలోమీటర్లలో మూడు నేను సైకిలు తొక్కాను, నాలుగు సైకిలు నన్ను తొక్కింది. సావేతా రైల్వే టోపీ పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎవరు, ఎక్కడికి అని అడిగింది. అబద్ధమెరగని నా నోరు తెరిచాను.

"నేను ఎతెల్కాని, కూడలి ఊరిదాన్ని. వర్షాత్స్ వెళ్ళాలి. దారి తప్పాను."

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "కూడలి ఊళ్ళో పుట్టి, కూడలి ఊళ్ళో ముసలిదానివై, దారి తప్పావా తల్లీ?"

"తప్పాను," అన్నాను. అరవై తొమ్మిదేళ్ళ పరువు ఆ బురదలో కలిసింది.

లోపల పొయ్యి చల్లగా ఉంది. మూడు రోజులుగా ఎవరూ రాలేదు, నా ఒక్కదాని కోసం పుల్లలెందుకు దండగ అంది. నా కోసం వెలిగించింది. చెంచాడు ప్లమ్ పాకం, గ్లాసుడు నీళ్ళు పెట్టింది. నిలబడే పెట్టింది. ఈ ఏడు జనానికి ఏం తెగులు పట్టిందో, అందరూ దారులు తప్పుతున్నారు, నేను గనక పట్నం వెళ్ళిపోయుంటే వీళ్ళ గతేం కాను అని వాపోయింది. గేటుదాకా వచ్చి బుద్ధి కూడా చెప్పింది. "మీ కూడలిలో ఆ చీపుర్ల స్లొవాక్ కూర్చుంటాడుగా. ఈసారి అతన్ని అడిగి బయల్దేరు. కర్రతో తరిమాను గానీ, తెలివైనవాడు."

తిరిగొచ్చేసరికి ఓండ్రెయ్ బల్ల మీద లేడు, రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు.

"పొయ్యి?" అన్నాడు.

"నేను వెళ్ళాక వెలిగించింది."

"ఏ పాకం?"

"ప్లమ్. నిలబడే పెట్టింది. నా పరువు మాత్రం పడుకుంది."

అతను బల్ల మీద కూలబడి గోనె నెత్తి మీంచి తీశాడు. వాన ఎప్పుడో ఆగిపోయిందని ఇద్దరం అప్పుడే చూశాం. తర్వాత తన సంగతి చెప్పాడు. కంట్లో పొర తీయించుకోవాలని పట్నం డాక్టరు రెండేళ్ళుగా రమ్మంటున్నాడట. మూడుసార్లు వాయిదా వేశాడట. ఈసారి వెళ్ళకపోతే బండి ఏదో మనిషి ఏదో కూడా తెలియదట. పది రోజులు ఊళ్ళో ఉండడట.

"నా బల్ల మీద నువ్వు కూర్చో వదినా," అన్నాడు. "ఎవరడిగినా ఎడమకి చూపించు. అబద్ధం పాపం నాకు రాయించు, ఫాదరు దగ్గర నేను చెప్పుకుంటాను. అది పెద్ద పని కాదు. తిరిగొచ్చి తిడతారు చూడు, అదీ అసలు పని. నీ నోరు నాకు తెలుసు. ఎదురు తిట్టి వాళ్ళని పారదోలకు. పొయ్యి సంగతి చెప్పేదాకా, ఈ పది రోజులూ నోరు మూసుకుని ఓడిపో."