నాన్న కుడికాలు... మావయ్య ఎడంకాలు

మా చిన్నప్పుడు... గాజువాకలో మా ఇంట్లో తెల్లారడం అనేది నాన్న షిఫ్టుని బట్టి ఉండేది. స్టీలు ప్లాంటులో సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి వస్తే పొద్దున్నే చాప పరిచేవారు. ఎ షిఫ్టయితే సాయంత్రం. వేళ మారేది గానీ ఆసనాలు మారేవి కావు. కాలనీ మేష్టారు నేర్పిన అవే ఏడెనిమిది... అదే వరస. పక్కన నేను!

నాకేమో ఒక్క చోట నిలబడటం చేతకాదు. కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. "కళ్లు మూసుకో అమ్మీ" అంటే ఒక కన్ను మూసి, రెండో కంటితో కిటికీలోంచి లారీలు చూసేదాన్ని.

కానీ చలికాలం వచ్చిందంటే... మంచూ దుమ్మూ కలిసి నా ఛాతీలో పిల్లికూతలు మొదలు. బడి మానేసి, గోడకి దిండు ఆన్చుకుని కూర్చోవడమే. మెట్టు ఎక్కితే ఆయాసం, నవ్వితే ఆయాసం. ఆ ఆసనాలు విడవకుండా చేయిస్తే అది పోతుందని నాన్న నమ్మకం.

మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, పోర్టులో పనిచేసేవాడు. ఆయనదీ నా బాపతే! బీచి దగ్గర ఏ యోగా శిబిరం పెట్టినా ముందు ఆయన చెప్పులే ఉండేవి. ఓ నెల బుస్సుబుస్సుమని ఊపిరి కొట్టడం, ఇంకో నెల తాళ్లు పట్టుకుని వేలాడటం, మరో నెల అందరూ గుండ్రంగా నిలబడి పగలబడి నవ్వడం... ఆదివారం స్కూటరు మీద వచ్చి నన్నూ ఎక్కించుకుపోయేవాడు. నాకు పండగే.

"ఏటి బామ్మర్దీ, పిల్లగుంటని నెలకో కాడికి తిప్పుతన్నావ్? ఒక్క నుయ్యి తవ్వితే నీళ్లు పడతాయి గానీ, పది గోతులు తవ్వితే పడతాయేటి?" అనేవారు నాన్న.

"కింద బండరాయుంటే ఎన్నాళ్లు తవ్వుతావ్ బావా? పక్కకి జరిగి సూడాల గదా!"

అమ్మ వంకాయలు తరుగుతూనే, "ఆ నుయ్యేదో తవ్వీసి మీరిద్దరూ అందులో దిగండి... ముందు అన్నం తినీసి పోండి" అనేది.

అసలు తంటా సూర్యనమస్కారాల దగ్గర. నాన్నకి నేర్పిన మేష్టారు మొదట కుడికాలు వెనక్కి వెయ్యమనేవారు. మావయ్య శిబిరంలో ఎడంకాలు. నేనేం చేశానంటే... నాన్న ఎదురుగా ఉంటే కుడి, మావయ్య ఎదురుగా ఉంటే ఎడమ. ఇద్దరూ మెచ్చుకునేవారు. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

ఆ చలికాలం కాలనీ గ్రౌండులో పిల్లల యోగా ప్రదర్శన పెట్టారు. మేష్టారిని బతిమాలి బతిమాలి ముందు వరసలో చోటు సంపాదించాను. తలెత్తి చూద్దును కదా... ఎదురుగా కుర్చీల్లో నాన్న, ఆయన పక్కనే మావయ్య!

సూర్యనమస్కారాలకి మేష్టారు అంకె చెప్పారు. అందరి కాళ్లూ వెనక్కి వెళ్లాయి. నా కాలు కదల్లేదు. నాన్నని చూశాను... మావయ్యని చూశాను. ఏ కాలు వేసినా ఒకళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఆ కంగారుకి ఛాతీ పట్టేసింది, పిల్లికూతలు మొదలయ్యాయి. మోకాళ్ల మీద కూలబడిపోయాను.

ఇద్దరూ ఒక్క పరుగున వచ్చారు. "ముక్కుతో తియ్యి అమ్మీ, నెమ్మదిగా..." అని నాన్న. "ముందు నోటితో వదల్నియ్ బావా!" అని మావయ్య. వాళ్ల మధ్య నాకు ఉన్న గాలి కూడా అందడం లేదు.

"తప్పుకోండి ఇద్దరూ! దానికి గాలాడనియ్యండి!" అంటూ వెనక కుర్చీల్లోంచి వచ్చిన అమ్మ వాళ్లని చెరో పక్కకీ నెట్టి, డాక్టరు గారిచ్చిన ఇన్‌హేలర్ నా నోట్లో పెట్టింది. కాసేపటికి ఊపిరి తిరిగింది. "ముందు ఏ కాలు వెయ్యాలో తెలీలేదు" అన్నాను. చూస్తే నాన్న ఏడుస్తున్నారు. మావయ్య ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాడు. అప్పటిదాకా నాన్న ఏడవగా నేను చూడలేదు.

మర్నాడు ఆదివారం, పొద్దున్నే స్కూటరు చప్పుడు. నేను చెప్పులేసుకుని సిద్ధం. మావయ్య నన్ను దాటుకుని లోపలికెళ్లి, చాప పక్కన నిలబడ్డాడు. "నాకూ సెప్పు బావా నీ ఆసనాలు... అవేటో సూత్తాను" అన్నాడు.

నాన్న నవ్వేశారు. "నాను నిన్ననే అనుకున్నాను... ఓపాలి మీ శిబిరానికి నన్నూ అట్టుకెళ్లమని."

ఆ రోజు నుంచి ఆదివారాలు ఇద్దరూ కలిసే చేసేవారు. వంగలేక వంగుతూ, ఒకరి నడుం చూసి ఒకరు నవ్వుకుంటూ... ముందు ఏ కాలు అన్న మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

నేను పెద్దయ్యేసరికి నా ఆయాసం తగ్గింది. దేనివల్లో తెలీదు. నాన్న తన ఆసనాలన్నారు, మావయ్య తన శిబిరాలన్నాడు, డాక్టరు గారు మందన్నారు. అమ్మ ఎందుకైనా మంచిదని కొబ్బరికాయ కొట్టేసింది.

నాన్న పోయి కొన్నేళ్లయింది. మావయ్య ఇప్పుడు ఏ శిబిరానికీ వెళ్లడు. నాన్న చేసిన ఆసనాలే, అదే వరసలో చేస్తాడు. "అన్నీ తిరిగినోడివి, ఇప్పుడు ఒక్కటేనా మావయ్యా?" అంటే, "ఇయ్యి సేత్తంటే మీ నాన్న పక్కనున్నట్టుంటాదే అమ్మీ" అన్నాడు.

నేనుండేది మధురవాడలో. అపార్ట్‌మెంట్ కింద ఓ రకం యోగా, ఆఫీసులో ఓ రకం, ఫోన్లో బోలెడు. గుడ్డ ఉయ్యాలలో తలకిందులుగా కూడా వేలాడాను! ఒక్కటే పట్టుకుందామని కూర్చుంటానా... ఆసనం సగంలో ఉండగానే వేలు ఇంకో వీడియో మీదకి పోతుంది. ఒకే పద్ధతి మంచిదా, నాలుగూ చూడాలా అని ఫ్రెండ్స్ నన్నే అడుగుతారు... అడగడానికి మనిషే దొరకనట్టు!

ఫోన్లో అమ్మాయి ఎంతో చక్కగా చెబుతుంది... ఊపిరి తీసుకోండి, వదలండి అని. నేను తీశానో లేదో ఆవిడకేం తెలుసు? ఒకప్పుడు నా ఊపిరి కోసం మా ఇంట్లో ఇద్దరు దెబ్బలాడుకునేవారు.

మీ కోసం అలా దెబ్బలాడుకున్నవాళ్లు ఎవరు? రాయండి... ఇవాళ్టికి ఆ ఫోన్ అమ్మాయిని ఆపేసి, మీరు రాసినవి కుదురుగా కూర్చుని చదువుకుంటాను.