రెండు పొయ్యిల మీద కందిపప్పు

బోగోలు మండలంలో, సముద్రపు గాలి తగిలేంత దగ్గర్లో ఉన్న ఒక ఊళ్లో కరుణాకుమారి జాకెట్లు కుట్టి బతికేది. డిగ్రీ సగంలో ఆగిపోయింది గానీ, ఏ సంగతైనా అడిగి తెలుసుకునే అలవాటు మాత్రం పోలేదు. ఒకే ఊళ్లో కొందరు ముందుకు పోతుంటే కొందరు ఎందుకు వెనకబడిపోతున్నారో పరిశోధన చేయడానికి కావలి నుంచి సుభాషిణి అనే లెక్చరర్ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగే మనిషి కావాలని ఆమె అనగానే కరుణ కత్తెర పక్కన పెట్టి లేచింది.

రైతుల వీధిలో కరుణ అంతవరకూ గేటు బయటే నిలబడి జాకెట్లు అందించి వచ్చేది. ఇప్పుడు అవే ఇళ్లలో కుర్చీ వేసి కూర్చోమన్నారు. మొదట్లో కుర్చీ అంచున కూర్చునేది. పోను పోను వెనక్కి ఆనుకుని కూర్చుని, భూమి గురించీ పిల్లల చదువుల గురించీ తీరిగ్గా అడగడం మొదలుపెట్టింది.

తను పుట్టిన చర్చి వీధిలో మాత్రం ఏమడిగినా ఆడవాళ్లది ఒకటే జవాబు. "మా పప్పు ఉడకదు మే."

చుట్టూ రొయ్యల గుంటలు తవ్వినప్పటి నుంచి ఆ వీధి బోరు నీళ్లు ఉప్పెక్కాయి. ఊరి ట్యాంకు పైపు రైతుల వీధి దాకా వచ్చి ఆగిపోయింది. పొద్దున పొయ్యి దగ్గరే ఆలస్యమై తల్లులకు రొయ్యలు ఒలిచే షెడ్డుకు పనికి పోయే ఆటో తప్పుతుంది, పిల్లలకు బడి గంట దాటిపోతుంది. ఇదంతా ఒక్కొక్కటే ముడిపడుతుంటే కరుణకు ఒళ్లు ఝల్లుమంది.

"మేడమ్, మనం వెతికేది వంటింట్లోనే ఉండాది!" అని ఫోన్‌లో అరిచినంత పని చేసింది.

"అయితే పప్పు సంగతి కూడా అడుగు. రెండు వీధుల్లోనూ అడుగు," అన్నది సుభాషిణి, ఆమెకూ ఉత్సాహం వచ్చి.

ఒక ఆదివారం మధ్యాహ్నం బడి ఆవరణలో సభ పెట్టారు. రెండు వీధులూ ఒకచోట కూర్చోవడం అదే మొదలు. తెలుసుకున్న సంగతులు సుభాషిణి చెబుతుండగానే, రైతుల వీధిలో పెద్దావిడ మస్తానమ్మ లేచింది.

"వంట చేతగాక నీళ్ల మీద నెడతా ఉండారు. పప్పు ఉడక్కపోవడమేంది?"

చర్చి వీధి ఆడవాళ్లు గయ్యిన లేచారు. సభ చెదిరిపోయేట్టుంది. కరుణ మైకు అందుకుంది.

"అమ్మా, మీరే వండి చూడండి. పప్పు మీదే, గిన్నెలూ మీయే. ఒక గిన్నెలో మీ నీళ్లు, ఇంకోదాంట్లో మా నీళ్లు."

కుర్రకారు ఈలలు వేశారు. మస్తానమ్మ వెనక్కి తగ్గే రకం కాదు. కొంగు బిగించి, "తెండి మే, చూస్తాం!" అన్నది.

బళ్లో భోజనం వండే షెడ్డులో రెండు పొయ్యిలు వెలిగాయి. జనమంతా చుట్టూ మూగారు. ఎదురుచూపుల్లోనే మాటలు కలిశాయి.

"మరి రోజూ ఏం చేస్తారు మే?" అని అడిగింది రైతుల వీధి నుంచి వచ్చిన ఒకామె.

"సోడా ఉప్పు ఏస్తామక్కా."

"కడుపు మండదా?"

"మండుద్ది. ఏం చేస్తాం?"

మైకు లేకుండా సాగుతున్న ఆ మాటలు వింటూ కరుణ సంతోషంతో ఉన్నచోట నిలవలేకపోయింది. ఇన్నాళ్లూ తను ఇల్లిల్లూ మోసుకు తిరిగిన ప్రశ్నలు ఇప్పుడు వాళ్లే ఒకరినొకరు అడుగుతున్నారు!

ఒక గిన్నెలో పప్పు మెత్తగా విచ్చుకుంది. రెండో గిన్నెలోంచి మస్తానమ్మ ఒక బద్ద తీసి నొక్కింది. నలగలేదు. ఇంకోటి తీసింది. అదీ అంతే. జనంలో నిలబడి ఉన్న సర్పంచి వైపు తిరిగింది.

"కామాక్షయ్యా, ఆ వీధికి పైపు ఎందుకు పోలేదయ్యా?"

"పొడిగిస్తే మన కొళాయిల్లో ధార తగ్గుద్దక్కా."

"తగ్గనీ. వాళ్లు తిండి తినొద్దా?"

ఆమె వీధి వాళ్లే కొందరు గొణిగారు. పొద్దు వాలేదాకా వాదన నడిచింది. చివరకు పైపు పొడిగించి, నీళ్లు వంతుల వారీగా వదలాలని ఒప్పుకున్నారు.

ఎండాకాలానికి చర్చి వీధికి నీళ్లొచ్చాయి. చిట్టచివరి ఇళ్లలో ధార ఇంకా సన్నగానే ఉంది, దాని మీద పోట్లాట నడుస్తూనే ఉంది. సుభాషిణి తన నివేదికలో ఆనాటి మాటలన్నీ చేర్చి, తన పేరు పక్కనే కరుణాకుమారి పేరూ వేసింది. కరుణ మళ్లీ డిగ్రీకి ఫీజు కట్టింది. మొన్న సూళ్లూరుపేట దగ్గర జాలర్ల ఊళ్లో కొత్త పరిశోధనకు పిలుపు వస్తే, తెల్లవారకముందే తయారై స్టేషన్‌కు చేరింది. అక్కడ ఏం అడగాలో ఆమెకింకా తెలియదు. రైలు కనబడగానే మాత్రం చిన్నపిల్లలా లేచి నిలబడింది.