వెండి రంగు కింద రాగి రేకు

కోలారు బంగారు గనుల దగ్గర మారికుప్పంలో రైలు దిగేసరికి ఎండ మొహం మీద కొట్టింది. మేం నలుగురం. కెప్టెన్ సాబ్, మెకానిక్, వంటవాడు, సిగ్నల్స్ హవల్దార్‌ని నేను. వెంట రెండు ఇనుప ట్రంకులు, రేడియో సెట్లు, తాళ్లు, హెల్మెట్లు, ఒక స్టవ్వు. ఎదురుగా బల్లపరుపుగా సైనైడ్ దిబ్బలు, బంగారం తీసేశాక పారబోసిన రాతి పొడి. గాలికి వాటి దుమ్ము లేచి పళ్ల మధ్య కరకరలాడింది. మంచు కొండల్లో కాపలా కాసి వచ్చినవాణ్ణి, డ్యూటీ మీద సొంత ఊరికే వస్తానని కలలో కూడా అనుకోలేదు! నాకు నవ్వాగలేదు.

"ఏం హవల్దార్, పెళ్లికి వచ్చావా?" అన్నాడు కెప్టెన్. ఆయనది పంజాబ్. మాట్లాడింది హిందీలోనే, నేను తెలుగులో చెబుతున్నాను.

ఊళ్లో మీరంతా సైనికుడు కనబడితే తుపాకీ కథ అడుగుతారు. నా దగ్గర అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె కథ ఉంది. గనుల్లో, ఫ్యాక్టరీల్లో వాడే పెట్టె అది. చెడు గ్యాస్ పెరిగితే వైర్‌లెస్‌లో హెచ్చరిక పంపుతుంది. పైన మా పోస్టులో చలికి బంకర్ లోపల బుఖారీ వెలిగిస్తారు. అంటే కిరోసిన్ పొయ్యి. మంచు పడి పొగగొట్టం పూడిపోతే వాసన లేని గ్యాస్ నిండుతుంది. పడుకున్నవాడు ఇక లేవడు. అలాంటప్పుడు పెట్టె కమాండ్ పోస్టుకు చెప్పాలి. రాతి గోడలు, మలుపులు దాటి ఆ కబురు పోవాలంటే ప్రాణమంతా యాంటెన్నాలోనే ఉంటుంది. ఏ యాంటెన్నా పెట్టాలో తేల్చి రమ్మని మాకు ఆర్డరు. దీపావళి దాటితే కనుమ మూసుకుంటుంది. ఆఖరి కాన్వాయ్‌లో పెట్టెలు ఎక్కకపోతే ఆ చలికాలమంతా మావాళ్లు దేవుడి మీద భారం వేసి పడుకోవాల్సిందే.

మూతపడిన గనిలో నీళ్లు చేరని సొరంగం ఒకటి మాకిచ్చారు. రెండు మలుపులు, గట్టి రాయి, అచ్చం మా బంకర్ల దారే. ఆ చోటు తెలిసినవాళ్లెవరని కెప్టెన్ అడిగితే యూనిట్‌లో చేతులెత్తింది ఇద్దరం. నేను, పక్క ఊరు బూదికోటకు చెందిన మా వంటవాడు.

వంటవాడికి అది మామూలు డ్యూటీ కాదు. అంతకుముందు చలికాలం వాడి బంకర్‌లోనే ఒక సెంట్రీ పోయాడు. మొదటి సాయంత్రం సంగటి వడ్డిస్తూ మెకానిక్‌కు చెప్పాడు.

"టీ తీస్కపోయి, లెయ్యన్నా అన్నాను. లెయ్యలా. గ్లాసు దిండు పక్కన పెట్టి పొయ్యి కాడికి పోయినాను. మళ్లీ వచ్చి చూస్తే టీ మీద మీగడ కట్టుండాది. సోమరోడా అని తిట్టినానప్పా వాణ్ణి."

ఆ మాటకు మెకానిక్ చెంచా కింద పెట్టేశాడు.

సొరంగం గేటు తాళం రాజప్ప మామ దగ్గర ఉండేది. గనిలో ఫిట్టర్‌గా చేసి, గని మూశాక కాపలాకు మిగిలిన మనిషి. మా గని కార్మికుల లైన్ ఇళ్లవాడే. నన్ను చూడగానే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏరా, గని వద్దని మిలిటరీకి పోయి, మళ్లీ గనిలోకే వచ్చినావా? బాగుండాదిరా నీ కథ!"

పొద్దున ఆరింటికి పని మొదలు. పెట్టె లోపల, రిసీవర్ బయట. ముందుగా వేలెడంత కడ్డీ యాంటెన్నా, పెట్టెలోంచి బయటికి పొడుచుకుని ఉండేది. కబురు దర్జాగా వచ్చింది. మేం చంకలు గుద్దుకున్నాం. మరుసటి గంటలో మెకానిక్ వంగి వస్తూ హెల్మెట్‌తో దాన్ని టప్పున విరగ్గొట్టాడు. ఇంకోటి బిగిస్తే రాజప్ప మామ దానికి టిఫిన్ సంచీ తగిలించాడు.

"గోడకు కొట్టిన మేకు అనుకున్నానప్పా!" అన్నాడు, సంచీ తీస్తూ.

మేం నవ్వాం కానీ కెప్టెన్ నవ్వలేదు. బంకర్‌లో మావాళ్లు కోట్లు తగిలిస్తారు, అదీ ఇంతే. పైగా కడ్డీ కోసం పెట్టెకు చిల్లి పెట్టాలి. చిల్లిలోంచి మంచు నీరు దిగుతుంది. కడ్డీ పోయింది.

తర్వాత చిప్పు యాంటెన్నా, బియ్యపు గింజంత. బోర్డు మీదే అతికించి ఉంటుంది. విరిగే బాధ లేదు. మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో గొంతు పోయింది.

మూడోది చూడగానే నాకు మనసైంది. కాగితంలా వంగే సన్నని రేకు. లోపల రాగి గీతలు, వెనక జిగురు, తోకలా చిన్న వైరు. మూత లోపల అతికిస్తే చాలు, చిల్లి అక్కర్లేదు. మొదట బ్యాటరీ పక్కన అతికించాం. దండగ! లోహం పక్కన ఉంటే దాని నోరు నొక్కేసినట్టే. ఊడదీసి, మూత వంపులో, బ్యాటరీకి వీలైనంత దూరంగా అతికించాను. రెండో మలుపు అవతల పెట్టి పరుగున బయటికొచ్చాను. రేడియోలో, లోపలే ఉన్న మెకానిక్ గొంతు.

"టెస్ట్ బటన్ నొక్కుతున్నా. ఓవర్."

రిసీవర్ కుయ్యోమంది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు! నేను గంతేశాను. గంతేశానంటే నిజంగానే గంతేశాను, బూట్లతో సహా.

"వచ్చిందిరా! వచ్చింది! ఓవర్!"

"సంగటి కూడా అయిపొయింది, రండి. ఓవర్," అన్నాడు మూడో సెట్టు మీద వంటవాడు.

ఇక చలి పరీక్ష. జిగురు మంచుకు ఊడితే అంతా వృథా. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఐస్‌క్రీమ్ షాపాయనను బతిమాలి, రేకు అతికించిన నాలుగు పెట్టెల్లో ఒకదాన్ని ఫ్రీజర్‌లో, కప్పు ఐస్‌క్రీముల కింద పెట్టించాం.

"బాంబు కాదు కదప్పా? పండగ గిరాకీ ఉండాది," అన్నాడాయన. కెప్టెన్ ఆయన దగ్గరే నాలుగు కప్పులు కొని నోరు మూయించాడు. ఆ పెట్టె అక్కడే ఉండిపోయింది. మిగతా మూడింటినీ ఆఖరి పరీక్షకు సిద్ధం చేసి గేటు గదిలో పెట్టాం.

ఈలోగా ఆయుధ పూజ వచ్చింది. కోలారు గనుల్లో పుట్టినవాడికి ఆ పండగ ఏమిటో చెప్పక్కర్లేదు. హిందువులు, క్రైస్తవులు అన్న తేడా లేదు, ప్రతి షాఫ్టులో మిషన్లు కడిగి, సిల్వర్ పెయింటు వేసి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్లు. గని మూసినా రాజప్ప మామ చేయి ఊరుకోలేదు. పొద్దున మేం వెళ్లేసరికి గేటు, చక్రాలు, పాత ట్రాలీ ధగధగలాడుతున్నాయి. మా మూడు పెట్టెలు కూడా! ఒక్కోదానికి కుంకుమ బొట్టు, మీద ఒక చేమంతి. కెప్టెన్ ముచ్చటపడి ఫోటో తీశాడు.

ఆఖరి పరీక్షలో నిజం గ్యాసే. మెకానిక్ ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని, రెండో మలుపు అవతల బొగ్గుల కుంపటి పెట్టి, పక్కన పెట్టె పెట్టి బయటికొచ్చాడు. మధ్యాహ్నం కెప్టెన్ హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ చేసి అవుననో కాదనో చెప్పాలి.

రిసీవర్ కూయలేదు.

రెండో పెట్టె పెట్టాం. లేదు. మూడోది. అదీ లేదు. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రేకు ఊడిందా? వైరు తెగిందా? విప్పి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. వంటవాడు సొరంగం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఫెయిల్ అని చెప్పేస్తాను," అన్నాడు కెప్టెన్ మెల్లగా. "నమ్మలేని పెట్టెను పైకి పంపను."

ఆయన చెప్పింది న్యాయమే. అందుకే నాకు మరీ మండింది. మొహం తుడుచుకున్నాను. మెకానిక్ నన్ను చూసి, "నీ ముక్కు మెరుస్తోంది" అన్నాడు. వేళ్లు చూసుకున్నాను. ఎండలో తళతళ. సిల్వర్ పెయింటు! సిల్వరంటే ఏమిటి? అల్యూమినియం పొడి. పొడి చేసినా లోహం లోహమే కదా!

"మామా! ఎన్ని కోటింగులు వేసినావు?"

"రెండు, దట్టంగా. మిలిటరీ మిషనని బాగా వేసినానప్పా. యేమి?"

"ఐస్‌క్రీమ్ పెట్టెకు వెయ్యలేదు కదా?"

"అది యాడుండాదో నాకేమి తెలుసు?"

ఆయన మోపెడ్డు లాక్కుని రాబర్ట్‌సన్‌పేటకు పోయాను. దారంతా హారన్ మీదే చేయి. షాపాయన పండగ బట్టల్లో వచ్చి ఫ్రీజర్ తెరిచాడు. గడ్డకట్టిన పెట్టెను చొక్కాలో వేసుకుని తిరిగొచ్చాను. పొట్ట చురచురలాడింది. మూత విప్పి చూస్తే రేకు గట్టిగా పట్టుకునే ఉంది.

ఈసారి మాస్కు పెట్టుకుని వంటవాడే లోపలికి తీసుకెళ్లాడు. ఎవరు చెప్పినా వినలేదు. బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. రాజప్ప మామ మోపెడ్డు మీద చేయి వేసి కళ్లు మూసుకున్నాడు.

కుయ్యోమంది.

అబ్బ, ఆ కూత! గనిలో షిఫ్టు సైరన్ విన్నప్పుడు కూడా మా లైన్లలో అంత సంబరం ఉండేది కాదు. వంటవాడు నన్ను ఎత్తి తిప్పాడు. కెప్టెన్ టోపీ గాల్లోకి విసిరి, మళ్లీ తొందరగా ఏరుకుని పెట్టుకున్నాడు.

రాజప్ప మామ మాత్రం దిగాలుగా ఉన్నాడు. "రంగు వెయ్యకుండా ఏ మిషన్‌నీ లోపలికి పంపినోళ్లం కాదు సామీ. మంచే జరగాలని వేసినాను," అన్నాడు కెప్టెన్‌తో. నేను తర్జుమా చేశాను. కెప్టెన్ ఆయన భుజం తట్టి, బొట్టు మాత్రం ఉండనివ్వమన్నాడు. అందరం కూర్చుని టర్పెంటైన్‌తో రంగు గీకాం. గీకిన మూడూ కూశాయి. ఫోన్‌లో కెప్టెన్ ఒక్క మాటే చెప్పాడు: రేకు యాంటెన్నా.

ఆఖరి కాన్వాయ్‌లో పెట్టెలతో పాటు మేమూ పైకి చేరాం. ఆ చలికాలం ఒక మధ్యాహ్నం, మంచు తుపాను మధ్యలో, నా ముందున్న రిసీవర్ కూసింది. మూడో బంకర్. నేను రేడియోలో అరిచేలోపే వంటవాడు పరుగెత్తాడు. ఐదుగురిని కాళ్లు పట్టి మంచులోకి లాగాం. దగ్గుతున్నారు, తిట్టుకుంటున్నారు. తిట్లు అంత తియ్యగా ఉంటాయని నాకప్పుడే తెలిసింది!

ఇప్పుడు పింఛను తీసుకుని మళ్లీ మా లైన్ ఇంట్లోనే ఉంటున్నాను. పైన ఏం చూశావని మీరు అడిగితే నాకు కొండలు గుర్తురావు. వంటవాడు గుర్తొస్తాడు. ఆ మంచులో, చంకలో మామ కుంకుమ బొట్టు పెట్టిన ఆ పెట్టెను ఇరికించుకుని, ఒక ప్లేటు నిండా టీ గ్లాసులు పెట్టుకుని వచ్చాడు.

"టీ తెచ్చినాను, లెయ్యండన్నా," అన్నాడు.

ఐదు చేతులు ముందుకొచ్చాయి.