గోరింటాకు పెట్టుకుని డాక్టరు దగ్గరికి

పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో నేను చేసిన పని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గాలి గొట్టం తగిలించిన డ్రిల్లింగు మిషనును రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి, రాతిలోకి బెజ్జాలు దింపాలి. ఆ బెజ్జాల్లో మందు కూరి పేలుస్తారు. అంతకుముందు ఆ బెజ్జాలు సమ్మెటలతో కొట్టేవాళ్ళు. మిషను వచ్చాక దాన్ని పట్టేవాడికి మిగతావాళ్ళకంటే కూలి ఎక్కువ ఇచ్చారు. పెళ్ళయిన కొత్త, నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయంటే ఎవడు కాదంటాడు? నేనే ఎగబడి పనిలో చేరి దాన్ని పట్టుకున్నాను. సాయంత్రం మిషను ఆపేశాక కూడా చేతులు ఆగేవి కావు. అన్నం ముద్ద నోటి దాకా వచ్చేలోపు సగం కంచంలోనే రాలేది.

రెండో చలికాలానికి కొత్త వ్యవహారం మొదలైంది. పొద్దున్నే చన్నీళ్ళ చెంబు పట్టుకుంటే వేళ్ళు రెండో కణుపు దాకా తెల్లగా పాలిపోయేవి. గీత గీసినట్టు అక్కడికే ఆగేవి. గిచ్చినా తెలిసేది కాదు. పొయ్యి దగ్గర కూర్చుంటే కాసేపటికి రక్తం తిరిగి వచ్చేది గానీ, వచ్చేటప్పుడు కారం పూసినట్టు మండేది. ఎండెక్కిందంటే ఇక ఏమీ ఉండదు, చూసేవాళ్ళకు నా చేతులు నిక్షేపంగా కనిపించేవి. చొక్కా గుండీలు నా భార్య పెట్టేది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, నేనూ అనలేదు.

ఒక పొద్దున మిషను నా చేతుల్లోంచి జారి పక్కవాడి కాలి దగ్గర పడింది. మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"రాత్రి తాగింది ఇంకా దిగలేదంట్రా నీకు? చేతుల్లో పట్టు లేనోడివి మిషనెందుకు పట్టావు? పో, ఇంటికి పో."

నేను కల్లు ముట్టనివాణ్ణని చెప్పను. కానీ కల్లు మనిషి వేళ్ళను కణుపు దాకా కొలిచి తెల్లబరచదు. పని పోయినందుకంటే ఆ మాటకే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది. వారం తిరిగేసరికి క్వారీ అంతా నాకు తాగుబోతు చేతులని పేరు పెట్టింది. అదే మాట చెప్పి పక్క క్వారీలో కూడా పనివ్వలేదు.

మా గుడి పాస్టరుగారు నన్ను నరసరావుపేటలో తనకు తెలిసిన ప్లీడరు దగ్గరికి పంపారు. పనిలో దెబ్బ తిన్నవాడికి యజమాని నష్టపరిహారం ఇవ్వాలని చట్టం ఉందని ప్లీడరు చెప్పాడు. "మిషను వల్లే ఇట్టయిందని డాక్టరు రాయాలబ్బాయ్. వేళ్ళు తెల్లబడ్డప్పుడే ఆయనకు చూపించాల. పొద్దున్నే మొదటి బస్సుకు రా. దోవలో చలి బాగా తగలనియ్" అన్నాడు. డబ్బొస్తే గేదెల్ని కొనుక్కుని పాలమ్ముకుందామని నా భార్య ఆశ. నాకూ ఆ ఆశ ఉంది. కానీ మిషనే చేసిందని ఒక పెద్దమనిషి కాగితం మీద రాస్తే, దాన్ని మేస్త్రీ మొహాన కొట్టాలని అంతకంటే పెద్ద ఆశ.

మా వైపు కాళ్ళు పగిలినా అరచేతులు మండినా ముందు గోరింటాకు, ఆ తర్వాతే డాక్టరు. వేళ్ళు తెల్లబడటాన్ని మా అమ్మ పెద్దగా పట్టించుకోలేదు. పొయ్యి దగ్గర మంటకు నేను మెలికలు తిరగడం మాత్రం రోజూ చూస్తుండేది. "మిషను వేడంతా చేతుల్లోకి దిగిందిరా. చలవ చెయ్యాల" అంది. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు సాయంత్రం గోరింటాకు మెత్తగా రుబ్బి, పది వేళ్ళకూ రెండో కణుపు దాకా దట్టంగా పట్టించి, పైన ఆముదపాకులు చుట్టింది. నా చేతుల మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసింది. చల్లగా, హాయిగా నిద్ర పట్టింది. తెల్లారి ఏం చూపించడానికి వెళ్తున్నామో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఒక్కరికీ తట్టలేదు.

బస్సులో కిటికీ ఊచలు పట్టుకుని చలికి చేతులు అప్పగించి వెళ్ళాను. వేళ్ళు మొద్దుబారాయి, పని జరిగిందనుకుని సంతోషించాను. డాక్టరు నా చేతులు ముందుకు లాక్కుని చూశాడు. ఎక్కడ తెల్లబడాలో సరిగ్గా అక్కడంతా ఎర్రగా పండి ఉంది.

"పెళ్ళికొడుకువా ఏంది?" అన్నాడు. బయట బెంచీ మీద వాళ్ళు కూడా నవ్వారు. "రంగు పోయినాక రా. దీంట్లో నాకేం కనపడుద్ది?"

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ గుడ్ల నీళ్ళు కుక్కుకుంది. ఆమెను ఒక్క మాట అనలేదు. బాగా పండిందని మాత్రం అన్నాను. ఆ మాటకు నా భార్య నవ్వింది, తర్వాత అమ్మా నవ్వింది.

రంగు పోయింది గానీ చలికాలం కూడా దాంతోపాటే పోయింది. ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ పిలిచేసరికి రోళ్ళు పగిలే ఎండలు. పల్నాటి ఎండలో నా వేళ్ళు ఎందుకు తెల్లబడతాయి? డాక్టరు తిప్పి తిప్పి చూశాడు, నొక్కి చూశాడు, ఏమీ లేదన్నాడు. నేను లేవబోయాను. ఆయనకేం తోచిందో, కూర్చోమని కాంపౌండరును సోడా కొట్టుకు పంపి ఐసుగడ్డ తెప్పించాడు. బేసిన్లో నీళ్ళు పోసి అందులో ఐసు వేయించి నా చెయ్యి ముంచమన్నాడు. పక్కనే తన చెయ్యి కూడా ముంచాడు. కాసేపటికి ఇద్దరం చేతులు పైకి తీశాం. ఆయన చెయ్యి ఎర్రగా ఉంది. నా వేళ్ళు సున్నంలో ముంచినట్టున్నాయి. ఆయన రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"మిషనేనయ్యా. రాస్తా" అన్నాడు.

అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆ కాగితంతో ప్లీడరు కేసు వేశాడు. గుంటూరులో నష్టపరిహారాల ఆఫీసరు ముందు విచారణ మళ్ళీ చలికాలంలో జరిగింది. డాక్టరు రాసింది ఆయన శ్రద్ధగానే చదివాడు. చదివి, "ప్రమాదం ఏ తేదీన జరిగింది?" అని అడిగాడు. అర్థం కాక మా ప్లీడరు వైపు చూశాను. రాయి పడిందా, వేలు నలిగిందా, ఏదో ఒక రోజు ఉండాలి కదా అన్నాడు ఆఫీసరు. మా ప్లీడరు నా చెవి దగ్గర వంగి, "రాయి పడిందని ఏదో ఒక తేదీ చెప్పు" అన్నాడు. క్వారీ కాంట్రాక్టరు తరఫున వచ్చిన మేస్త్రీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. వాడి ముందు అబద్ధమాడితే తాగుబోతునన్న మాట కూడా నిజమైపోతుందనిపించింది.

"నేను పనిలో చేరిన తేదీ రాసుకోండయ్యా" అన్నాను.

"ఆ రోజేం జరిగింది?"

"మిషను పట్టుకున్నానయ్యా."

ఆయన కలం కింద పెట్టాడు. మంచివాడే. ప్రమాదమంటూ జరగనిదే తానేమీ ఇప్పించలేనని, ఇలాంటి జబ్బు చట్టంలో లేదని రెండుసార్లు విడమరిచి చెప్పాడు. విన్నట్టు సంతకం పెట్టమన్నాడు. కలం పట్టుకున్నాను. పొద్దుటి చలికి అప్పటికే వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఆఫీసరు, ప్లీడరు, మేస్త్రీ అందరూ చూస్తుండగానే కలం జారి కిందపడింది. తీసి మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ జారింది. మేస్త్రీ కిటికీ వైపు తిరిగాడు. ఆఫీసు గుమాస్తా లేచొచ్చి వేలిముద్రల సిరా డబ్బీ మూత తీశాడు.

నాకు రాయడం వచ్చు. ఆ మాట చెప్పాలనుకుని నోరు తెరిచాను, సిగ్గేసి మానేశాను. గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. అతని చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో నాకు తెలియలేదు.