సున్నపు ముగ్గు

నా చిన్నప్పుడు, స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో, ఉదయగిరి కొండ కింద మా వీధికి జ్వరాలు వచ్చాయి. వానలు లేని ఏడు. జనం అప్పటికే డస్సిపోయి ఉన్నారు. వీధిలో ఇద్దరు పసిబిడ్డలు పోయాక ఏడవడానికి కూడా ఓపిక లేక, ఎవరి మీదనైనా తప్పు మోపితే చాలు అన్నట్టు తయారయ్యారు. జ్వరం కన్నా ఆ ముఖాలే నన్ను ఎక్కువ భయపెట్టేవి.

మా పక్కింటి అక్క భర్త గోడలకు సున్నం కొట్టే పనివాడు. ఇక్కడ పని లేక ఆత్మకూరు వైపు పోయి, ఎప్పుడో గాని ఇంటికి వచ్చేవాడు కాదు. అమ్మ లేని నాకు తల దువ్వి జడ వేసేది ఆ అక్కే. ఆమెకు పిల్లలు లేరు. జ్వరం ఆమె గడప తొక్కలేదు. చెవులు కొరుక్కోవడానికి వీధికి ఈ రెండూ సరిపోయాయి.

ఎవరో సీతారామపురం అవతలి నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించారు. పొద్దున్నే ప్రతి వాకిట్లోనూ ఆగి, ముగ్గు మీద నిమ్మచెక్క పిండుకుంటూ వచ్చాడాయన. చెడు ఉన్న చోట ముగ్గు పొంగుతుందని ముందే చెప్పిపెట్టాడు. మా వాకిట్లో ఏమీ కాలేదు. అక్క వాకిట్లో మాత్రం ముగ్గు బుసబుసమని నురగ కక్కింది. ఊడ్చిన చీపురు ఇంకా అక్క చేతిలోనే ఉంది. మర్నాడు పొద్దెక్కేలోగా ఆమె ఊరు విడవాలని పెద్దలు తేల్చేశారు.

ఇంటికి పరుగెత్తి మా అవ్వకు నాకు తెలిసింది చెప్పాను. అందరూ వేసేది సంతలో కొన్న బలపపు రాయి పొడి. అది కొనలేక అక్క, మొగుడు కుండలో వదిలిపోయిన పాత సున్నాన్ని వాడుకునేది. గాలికి ఆరి ఆరి రాయిలా అయిన దాన్ని రోట్లో దంచి జల్లించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. అవ్వ చిటికెడు తెప్పించి, చిప్పలో వేసి, నిమ్మకాయ పిండింది. బుడగలు లేచాయి. నేను గంతులు వేశాను గానీ అవ్వ గోడకు చేరగిలబడింది.

"ఇంత నురక్కి ఒక మనిషిని ఎళ్ళగొడతారంట," అంది.

పోయి చెప్పు అవ్వా అని కొంగు పట్టుకుని లాగాను.

"చెప్తే ఎవురింటారే? బిడ్డలు పోయినోళ్ళు. వాళ్ళకిప్పుడు మాట చెవికెక్కదు."

మర్నాడు తెల్లవారుతూనే అవ్వ, నడుము వంగకపోయినా, అక్క సున్నంతో మా వాకిట్లో ముగ్గు వేసింది. అక్కను పంపించడానికి జనం పోగయ్యారు, మంత్రగాడూ వచ్చాడు. అక్క మూట చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. అవ్వ వీధి పెద్దను మా వాకిట్లోకి పిలిచి, ఆయన చూస్తుండగానే నిమ్మచెక్క పిండింది. ముగ్గు పొంగింది.

"నా వాకిలి గూడా పొంగింది చూడు. నీ బొడ్డు కోసింది ఈ చేత్తోనే గదరా. నన్ను గూడా పంపీ."

అక్క ఇంటి చెడే పక్కింటికి పాకిందని మంత్రగాడు అందుకున్నాడు. అవ్వ అతని వైపు చూడలేదు. కొంగున కట్టుకున్న పొడి విప్పి, వీధి పెద్ద అరచేతిలో పోసి, మిగిలిన నిమ్మచెక్క పిండింది. ఆయన చేతిలోనే నురగ లేచింది.

"నీ చెయ్యి గూడా పొంగె. సున్నంరా అది. పాత సున్నం."

ఆయన చాలాసేపు చేతిని చూసుకుని, పంచెకు తుడుచుకున్నాడు. మూట లోపల పెట్టుకోమని అక్కతో మెల్లగా అని వెళ్ళిపోయాడు. మంత్రగాడు ఎప్పుడు బస్సెక్కాడో ఎవరూ చూడలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. అక్కను ఎవరూ క్షమించమని అడగలేదు. ఆమె ఇంటి మజ్జిగ ఎవరూ తాగలేదు. ఆమె వస్తే బావి దగ్గర చేదలు పక్కకు జరిగేవి. పగలంతా కాన్పులకు తిరిగి కాళ్ళు వాచిన మా అవ్వ, రోజూ సాయంత్రం పోయి అక్క అరుగు మీద కూర్చుని, వీధి అంతా చూసేలా ఆమె కుండలోని నీళ్ళు తాగేది. అందరికీ చూపించావు కదా, ఇంకా ఎందుకు పోతావు అని విసుక్కున్నాను.

"చూపించింది కళ్ళకే గదే. లోపలికి దిగేదాకా ఎవురో ఒకరు ఈడ కూచోవాల."

మళ్ళీ వానలు పడ్డాక, బిడ్డ పోయిన తల్లుల్లో ఒకామె అక్క ఇంటికి నిప్పు కోసం వచ్చింది. పిడక మీద కణిక పెట్టించుకుని, కాసేపు అక్కడే నిలబడి మాట్లాడింది. ఆ రోజు అవ్వ అరుగు మీదికి పోలేదు. పెందలాడే పడుకుంది.

తర్వాత ఆత్మకూరు బడిలో మా అయ్యవారు గాజుగ్లాసులో సుద్దముక్క వేసి, పులుపు పోసి, ఆ బుడగల్లో ఉండేది ఫలానా వాయువని చెప్పారు. పిల్లలంతా ఎగబడి చూశారు. నాకు అక్క చేతిలోని చీపురు గుర్తొచ్చింది.

ఇప్పుడు నాకూ అవ్వ వయసే. నడుము వంగదు. ఎవరికైనా విడమరిచి చెప్పే ఓపిక ఎప్పుడో పోయింది. కానీ వీధి ఏ ఇంటినైనా వేలెత్తి చూపిందని తెలిస్తే, సాయంత్రానికి కర్ర పట్టుకుని ఆ ఇంటి మెట్ల దాకా పోతాను. కూర్చుని, మంచినీళ్ళు ఇమ్మని అడుగుతాను.